మరుగు నూనె

గాజు గొట్టం రెండు పాయలుగా చీలే చోట తెల్లదోమ ఆగింది. ఎడమ పాయ చివర టమాట ఆకు ఉంది. కుడి పాయ చివర ఏమీ లేదు. రెండు వైపుల నుంచీ సన్నగా గాలి వస్తోంది. ఆ గాలిలో టమాట వాసన తగలగానే ఏ తెల్లదోమైనా ఎడమకు తిరగాలి. ఇది మాత్రం కాసేపు అక్కడే తచ్చాడి, ఏదో మరిచిపోయిన మనిషిలా ఖాళీ పాయలోకి నడిచింది.

డాక్టర్ హంసవేణి ఇంకో దోమను వదిలింది. అది ఎడమకే పోయింది కానీ ఆకు మీదుగా నడుచుకుంటూ అవతలికి సాగిపోయింది. పచ్చరంగు చూసి వాలిన దోమలు కూడా ఆకు రసం పీల్చకుండానే లేచిపోతున్నాయి.

ఆ ఆకును కోసిన మొక్కకు నూనె పూసి నెల దాటింది. ఆమెకు మింగుడుపడని సంగతి అదే.

కూరగాయల పురుగుల మీదే ఆమె చదువంతా సాగింది. వేపనూనె, కానుగ నూనె, నిమ్మగడ్డి నూనె, సీతాఫలం గింజల నూనె అన్నిటినీ వాడి చూసింది. అన్నీ మంచివే, కానీ ఏదీ నిలవదు. ఎండకు ఆవిరైపోతుంది, వానకు కడుక్కుపోతుంది, వారం తిరిగేలోగా మళ్ళీ కొట్టాల్సిందే. ఆమె పనిచేసే, మదనపల్లె శివార్లలోని కంపెనీ పరిశోధన కేంద్రంలో బదరీనాథ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ నూనెలతోనే చేసిన కొత్త నూనె మాత్రం ఎండకు ఆరలేదు, వానకు పోలేదు. పురుగును చంపదు, తరమదు. దాని ముక్కుకు మొక్కను అందకుండా చేస్తుందంతే. అందుకే కంపెనీవాళ్ళు దానికి 'మరుగు' అని పేరు పెట్టారు.

బదరీనాథ్ అందులో ఏదో పురుగుమందు కలిపి ఉంటాడని హంసవేణి అనుమానం. ఇలాంటి మోసాలు ఆమె చూసింది. డబ్బా మీద వేపాకు బొమ్మ ఉంటుంది, లోపల ఘాటైన విషం ఉంటుంది. అందుకే ఎవరికీ చెప్పకుండా చిన్న సీసాడు నూనె బెంగళూరులో తనతో చదువుకున్న స్నేహితురాలి ప్రయోగశాలకు పంపింది. స్నేహితురాలు ఫోన్ చేసి, "విషం లేదే. అన్నీ చెట్ల నూనెలే. కాకపోతే ఒక పదార్థం ఏమిటో మా మిషన్‌కి అంతుబట్టలేదు," అంది.

ఆ సంగతి బదరీనాథ్ చెవిన పడింది. అతను కోప్పడలేదు. ముఖం మాత్రం చిన్నబోయింది.

"నన్ను అడిగితే చెప్పేవాణ్ణి కదండీ హంసవేణి గారూ."

"అడిగితే మీరు చెప్పేది నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?"

అతను బయటికి వెళ్ళి, గేటు దగ్గర పూలమ్మే ఆమె దగ్గర మూర మల్లెపూలు కొనుక్కొచ్చాడు. వాటిని స్టీలు డబ్బాలో పెట్టి, మూత లోపలి వైపు మరుగు నూనెలో తడిపిన గుడ్డ అంటించి బిగించాడు. టీ తాగి వచ్చాక మూత తీశాడు.

"వాసన చూడండి."

పూలు తెల్లగా, తాజాగానే ఉన్నాయి. హంసవేణి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. కాగితం పూలను పీల్చినట్టే ఉంది.

"ఈ నూనెలను ఒక పద్ధతిలో కలిపి మరిగిస్తే అందులో బుట్టలాంటి అణువు ఒకటి తయారవుతుందండీ," అన్నాడు బదరీనాథ్. "వాసనను లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. మీ స్నేహితురాలి మిషన్‌కు అందనిది అదే. పైగా కొవ్వు ఎక్కడుంటే అక్కడ అతుక్కుపోతుంది. ఆకు మీద మైనం పూత ఉంటుంది కదా, దాన్ని పట్టుకుంటుంది."

"మళ్ళీ ఎప్పుడు వదులుతుంది?"

"వదిలినట్టు ఇంతవరకు నేను చూళ్ళేదు," అని గర్వంగా నవ్వాడు.

హంసవేణి ఆ మల్లెపూలను ఇంకోసారి పీల్చి చూసింది. అతను దొంగ కాడని తేలింది. అయినా మనసులో ఉన్న ముల్లు కదల్లేదు.

*

నూనెను పొలంలో పరీక్షించడానికి ముందుకొచ్చిన రైతు కదిరప్ప. హంసవేణి చెల్లెలు కోమలికి మామగారు. మదనపల్లెకు దగ్గర్లోనే గుట్టకిందపల్లె వాళ్ళ ఊరు. టమాట, వంగ, పక్కన కాస్త బీర వేస్తాడు. భార్య రెడ్డెమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇల్లు దాటదు. కొడుకు మునీంద్ర, కోడలు కోమలి అతనితో పాటు పొలం పని చేస్తారు. కోమలి పుంగనూరులో అమ్మ దగ్గర పురుడు పోసుకుని, అయిదో నెలలో పాపను తీసుకుని అత్తగారింటికి వచ్చింది. వచ్చేసరికి తోట కాపు మీద ఉంది. పాపను అత్త దగ్గర వదిలి ఆమె కూడా కాయలు కోయడానికి దిగింది.

హంసవేణి తోట చూడ్డానికి వెళ్ళినప్పుడు కదిరప్ప గట్టు మీదే ఎదురొచ్చాడు.

"ఏమ్మా హంసా, చూసినావా కాయలు? ఒక్కదానికి బొక్క ల్యా. పోయినేడు మందు కొడతా కొడతా ఈ గట్టు మిందే పడిపోయినోణ్ణి నేను. ఆస్పత్రిలో కండ్లు తెరిచేటప్పటికి ఎడమ కన్ను మసకబారిపోయి ఉండె. ఇప్పుడు చూడు. మూతికి గుడ్డ ల్యా, చేతికి తొడుగు ల్యా. తలకు రాసుకునే నూనె మాదిరి చేత్తోనే పూసుకుంటా పోతాండాం."

నిజమే. వంగ మొక్కల మొవ్వులకు, టమాట కాడలకు మునీంద్ర అరచేత్తో నూనె రాసుకుంటూ పోతున్నాడు. కోమలి నూనె పూసిన మొక్కల మధ్య వంగి కాయలు కోస్తోంది. మోచేతుల దాకా జిడ్డు మెరుస్తోంది.

బీర పందిరి దగ్గర హంసవేణి ఆగిపోయింది. పందిరి నిండా పసుపు పూలే. పిందెలు మాత్రం పసుపు తిరిగి రాలిపోతున్నాయి. ఒక్క తేనెటీగ చప్పుడు వినబడలేదు.

"తేనెటీగలు రావడం లేదా మామా?"

"రాలేదమ్మా. బీర పోతే పోనీలే. టమాట నిలబడింది, అది చాలు."

వెనక్కి వస్తుంటే కళ్ళం దగ్గర కట్టేసిన వాళ్ళ నల్లకుక్క గొలుసు తెగేలా లేచింది. హంసవేణి పక్కకు తప్పుకుంది. కానీ అది మొరుగుతున్నది ఆమెను చూసి కాదు. అన్నం గిన్నె పట్టుకొస్తున్న మునీంద్రను చూసి. దూరంగా ఉన్నంతసేపూ తోక ఊపింది, దగ్గరికి రాగానే వాసన పట్టి పళ్ళు బయటపెట్టింది.

"ముసిల్దయిపాయ వదినా, మతి చెడింది," అని నవ్వాడు మునీంద్ర. గిన్నెను మాత్రం దూరం నుంచే తోశాడు.

కేంద్రానికి వచ్చాక హంసవేణి తేనెటీగల సంగతి బదరీనాథ్‌కు చెప్పింది. అతను తేలిగ్గా తీసుకున్నాడు. "పూలకు ఈగలు రావాల్సిన పంటలకు వద్దని డబ్బా మీద రాయిద్దాం. టమాటకు ఆ బాధ లేదు కదా." కుక్క సంగతి ఆమె చెప్పలేదు. చెబితే నవ్వుతాడని అనిపించింది.

*

కోమలి ఫోన్ చేసినప్పుడు హంసవేణి గాజు గొట్టాలు కడుగుతోంది.

"అక్కా, ఒకసారి రాగలవా? పాప నా దగ్గర పాలు తాగడం ల్యా."

"జలుబేమైనా చేసిందా?"

"డాక్టరమ్మకు చూపిచ్చినాం. అంతా బాగుందనింది." వెనక పాప ఏడుపు వినబడింది. "నువ్వు రా అక్కా. ఫోన్లో చెప్పేది కాదు."

హంసవేణి వెళ్ళేసరికి పాప రెడ్డెమ్మ ఒళ్ళో కూర్చుని ఉంది. కోమలి వంటింటి గడపలో నిలబడింది. తల్లిని చూడగానే పాప బోసినోటితో నవ్వింది, చేతులు చాపింది. కోమలి వచ్చి ఎత్తుకుంది. పాప తల్లి మెడలో ముఖం పెట్టింది. అంతే, ఒళ్ళంతా బిగుసుకుంది. తలెత్తి తల్లి ముఖం చూసింది. మళ్ళీ మెడ దగ్గరికి వంగి, వెనక్కి విరుచుకుని, ఊపిరి తిరగకుండా ఏడ్చింది. తెలియని చోట తెలియనివాళ్ళ చేతుల్లో పడిన బిడ్డ ఏడుపు అది.

రెడ్డెమ్మ లాక్కున్నట్టుగా పాపను తీసుకుంది. ఆమె భుజం మీద పాప వెక్కిళ్ళు పెడుతూ సర్దుకుంది.

"తల్లి దగ్గర ఉండని బిడ్డను నేను యాడా చూల్యా," అంది రెడ్డెమ్మ హంసవేణి వైపు తిరిగి. "పసిబిడ్డలకు ఊరికే భయం పుట్టదు. గిచ్చిందో, ఏం చేసిందో దానికే తెలియాల."

"అత్తా, అట్ల మాట్లాడొద్దు."

"మాట్లాడకుండా ఎట్ల? సీసా పాలతో బిడ్డ సగమైపాయ. మీ చెల్లెల్ని నాలుగు దినాలు మీ అమ్మగారింటికి తోలక పోమ్మా. బిడ్డ మాత్రం ఈడనే ఉంటుంది."

మునీంద్ర అరుగు మీద తల వంచుకుని కూర్చుని వింటున్నాడు. కోమలి కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. హంసవేణి వెనకే వెళ్ళింది.

"ఆయన కూడా అడిగినాడక్కా, నీకు బిడ్డంటే ఇష్టం ల్యాదా అని. పాలు గడ్డ కట్టి నొప్పితో చస్తాండా. పాప నన్ను దూరం నుంచి చూసి నవ్వుతుంది. దగ్గరికి పోతే నేను వాళ్ళమ్మను కాదంటుంది. ఎవురో నా ముఖం పెట్టుకోని వచ్చినట్ల చూస్తుంది." కోమలి గొంతు తగ్గించింది. "నేనే ఏమన్నా మారిపోయినానా అని నాకే అనుమానం వస్తాంది."

హంసవేణి చెల్లెల్ని దగ్గరికి తీసుకుంది. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు పట్టుకుందో లెక్కలేదు. తల మీద ముఖం ఆనించినప్పుడు ఏదో వెలితిగా అనిపించింది. చెమట పట్టిన మనిషి, పొయ్యి దగ్గర నుంచి వచ్చిన మనిషి, పాలిచ్చే మనిషి. అయినా ఏ వాసనా లేదు.

డబ్బాలోని మల్లెపూలు గుర్తొచ్చాయి.

లోపలికి వచ్చి పాపను తనే ఎత్తుకోబోయింది. మెడ దగ్గరికి రాగానే పాప ఆమె దగ్గర కూడా అలాగే విరుచుకుంది. కదిరప్ప తోట నుంచి వచ్చి ఎత్తుకుంటే అంతే. మునీంద్ర ఎత్తుకుంటే అంతే. మగవాళ్ళ దగ్గర పిల్లలు ఏడవడం మామూలే కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. తోటలోకి కాలు పెట్టని రెడ్డెమ్మ దగ్గర మాత్రమే ఆ బిడ్డ నెమ్మదిగా ఉంటోంది.

*

రెడ్డెమ్మను బతిమాలి, సాయంత్రానికి తెచ్చేస్తానని మాటిచ్చి, హంసవేణి చెల్లెల్నీ పాపనూ పుంగనూరుకు తీసుకెళ్ళింది. దారంతా పాప సీసా పట్టుకుని ఏడుస్తూనే ఉంది. అమ్మ గుమ్మంలోనే పాపను అందుకుంది. పాప అమ్మ భుజం మీద వాలిపోయింది.

"కోమలి పురిటిలో వాడిన బొంత ఉందా అమ్మా? ఉతికేశావా?"

"కప్పుకునే గుడ్డలు ఉతికినా. బొంతను ఈసారి ఎండలో వేద్దామని పైన పెట్టినా. ఏంటికి?"

పాత చీరలతో కుట్టిన లావుపాటి బొంత అది. పురుటి నెలలన్నీ తల్లీబిడ్డా దాని మీదే పడుకున్నారు. హంసవేణి దాని ఒక మూలను మడిచి పాపకు ఒక వైపు పెట్టింది. రెండో వైపు కోమలి ఆ పూట కట్టుకున్న పైట చెంగు పరిచింది. గాజు గొట్టంలో దోమను వదిలి చూసే మనిషి, ఇప్పుడు చెల్లెలి బిడ్డను చాప మీద పడుకోబెట్టి ఊపిరి బిగబట్టి చూస్తోంది.

పాప పైట వైపు తిరిగింది. ఏమీ పట్టనట్టు మళ్ళీ తల ఇవతలికి తిప్పింది. బొంత ముక్కుకు తగలగానే ఆగింది. పిడికిలితో దాన్ని పట్టుకుని, నోటితో వెతుక్కుంటూ మూలగసాగింది.

"కప్పుకో," అంది హంసవేణి చెల్లెలితో. "మెడ చుట్టూ తిప్పి కప్పుకో. ఇప్పుడు తీసుకో పాపను."

కోమలి ఆ మండే మధ్యాహ్నం బొంత చుట్టుకుని కూర్చుంది. పాప మెడ దగ్గర ముఖం పెట్టింది, తల్లి ముఖం చూసింది, పాలకు నోరు పెట్టింది. కోమలి ఏడుస్తోందని కూడా పాప గమనించలేదు. గుటకల చప్పుడు గదంతా వినబడింది.

అమ్మ వచ్చి హంసవేణి పక్కన కూలబడింది. "ఏం జరుగుతాంది మే?"

హంసవేణి చెప్పింది. అంతా విన్నాక అమ్మ పెద్ద కూతురి తలను దగ్గరికి లాక్కుని మాడు మీద ముక్కు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది.

"నీక్కూడా ల్యాదు," అంది చివరికి. "పోయిన పండక్కి వచ్చినప్పుడే అనుకున్నా. ముక్కు నాకే పోయిందేమో అనుకోని ఊరుకున్నా."

ఏడాదిగా ఆ నూనెను ఒట్టి చేతులతో ముట్టుకుంటూ, ఒంటరిగా క్వార్టర్స్‌లో ఉంటున్న హంసవేణికి ఆ మాట చెప్పగలిగినంత దగ్గరగా ఇన్నాళ్ళూ ఎవరూ రాలేదు.

బొంత మేలు ఎక్కువ కాలం నిలవలేదు. కోమలి దాన్ని అత్తగారింటికి తీసుకెళ్ళింది. రెండు మూడు రోజులు పాప దాని నీడలో పాలు తాగింది. కానీ కోమలి చర్మంలో దిగిన నూనె బొంత వాసనను కూడా కొంచెం కొంచెంగా లాగేసుకుంది. పాప మళ్ళీ అనుమానంగా ముక్కు ఎగబీల్చి, మళ్ళీ విరుచుకోవడం మొదలుపెట్టింది.

*

బదరీనాథ్ అంతా విని, "కాన్పు తర్వాత కొందరు తల్లులకు మనసు బాగుండదండీ. అది బిడ్డకు తెలుస్తుంది," అన్నాడు.

"మరి నా దగ్గర ఎందుకు ఏడుస్తోంది? నాకు కాన్పు కాలేదే."

"ఒక బిడ్డ, ఒక బొంత. దీన్ని ఆధారమంటారా మీరు? మీరు శాస్త్రవేత్త."

"అందుకే అడుగుతున్నా. మనుషుల చర్మం మీద ఇది ఎన్నాళ్ళుంటుందో మనం చూశామా? కొవ్వు ఉన్నచోట అతుక్కుంటుందని మీరే చెప్పారు."

"మరుగు విడుదల వచ్చే వారం. నా నూనెలో విషం ఉందని మొదట మీరే సీసా బయటికి పంపారు. విషం లేదని తేలితే ఇప్పుడు ఈ మాట. మరుగు వస్తే జిల్లాలో పురుగుమందుల అంగళ్ళు సగం మూతపడతాయి. వాళ్ళలో ఎవరైనా మిమ్మల్ని కలిశారా?"

ఆ ప్రశ్న అతను నిజంగానే అడిగాడు. అది అర్థమయ్యాక హంసవేణికి కోపం కూడా రాలేదు. ఆ నూనె కోసం అతను ఎన్ని ఆదివారాలు ఆ గదిలోనే గడిపాడో ఆమెకు తెలుసు. కదిరప్పలాంటి వాళ్ళు గట్ల మీద పడిపోకూడదనే కదా అదంతా.

ఆ అనుమానం అతని దగ్గరే ఆగలేదు. గుట్టకిందపల్లెకు కూడా చేరింది. విడుదల సభ కదిరప్ప కళ్ళంలోనే పెట్టారు. షామియానా వేశారు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రైతులు వచ్చారు. కంపెనీ మేనేజరు మాట్లాడాక, ఎవరూ పిలవకుండానే హంసవేణి లేచి నిలబడింది.

"ఈ నూనె పురుగునొక్కదాన్నే మోసం చెయ్యదు. ఒంటికి అంటితే మనిషి వాసనను పట్టేసుకుంటుంది. బిడ్డకు తల్లిని తెలియనియ్యదు. నా మాట నమ్మండి, ఇంకా పరీక్షించేదాకా వాడొద్దు."

ఒకరిద్దరు నవ్వారు. వెనక నుంచి ఎవరో, "మందులంగడోళ్ళు ఎంత ఇచ్చినారు మేడం?" అన్నారు. షామియానా అంతా ఘొల్లుమంది.

కదిరప్ప ముఖం ఎర్రబడింది. ఇది అతని కళ్ళం, మాట్లాడుతున్నది అతని కోడలి అక్క. పైగా ఇంట్లో గుట్టుగా ఉన్న సంగతి పదిమందిలో పడింది.

"ఏమ్మా, చెల్లెలు బిడ్డను సాకలేకపోతే తప్పు నూనెదా?" అన్నాడు. "ఆ ఇసం నన్ను సంపబోయినప్పుడు ఒక్కరూ సబ పెట్టలేదు. సంపకుండా ఉండేది వచ్చినాక వద్దంటావా? ఇది ఏం చేస్తుందో ఇందరి ముందరే చూపిస్తా ఉండు."

డబ్బా పట్టుకుని విసవిసా కొట్టం వైపు నడిచాడు. జనం కుర్చీలు తోసుకుంటూ వెనకే వెళ్ళారు. కొట్టంలో ఎర్రావు ఉంది, దానికి కొత్తగా పుట్టిన పెయ్యదూడ ఉంది. కదిరప్ప దోసిట్లో నూనె పోసుకుని దూడ వీపుకు, మెడకు, తోక కింద బాగా పట్టించాడు.

"ఇదో చూడండి, దీనికేమన్నా అయితాందా?" అంటూ పలుపు విప్పాడు.

దూడ గెంతుకుంటూ తల్లి దగ్గరికి పోయింది. ఆవు ప్రేమగా అరిచి, నాకడానికి మెడ చాపింది. మధ్యలో ఆగింది. ముట్టె ఆడిస్తూ దూడ మెడ దగ్గర వాసన చూసింది. తోక దగ్గర చూసింది. చెవులు వెనక్కి పోయాయి. దూడ పొదుగు కిందికి దూరింది. ఆవు ఒక్కసారిగా పక్కకు గెంతి కాలు విసిరింది.

దూడ పడిపోయి, లేచి, మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆవు కొమ్ములు వంచింది. కదిరప్ప అడ్డం పడకపోతే పొడిచేదే. ఆ తోపులాటలో కూడా ఆవు మెడ ఎత్తి చుట్టూ వెతుకుతూ అరుస్తూనే ఉంది. దూడ ఎదురుగా నిలబడి ఉంటే, అది తన దూడ కోసం అరుస్తోంది.

ఆవులను సాకినవాళ్ళే అందరూ. ఆ అరుపు ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది బదరీనాథే. ఇస్త్రీ చొక్కాతోనే పేడలో మోకాళ్ళ మీద కూర్చుని, తొట్టిలో నీళ్ళు, ఎవరో అందించిన సబ్బు తీసుకుని దూడను రుద్దడం మొదలుపెట్టాడు. నురగ వచ్చింది, మళ్ళీ రుద్దాడు. తర్వాత బూడిదతో, ఆ తర్వాత శనగపిండితో. హంసవేణి చెంబుతో నీళ్ళు పోసింది. ఎన్నిసార్లు దూడను తీసుకెళ్ళినా ఆవు వాసన చూసి వెనక్కి జరిగింది. చివరికి బదరీనాథ్ తడిసిన దూడను ఒళ్ళో పట్టుకుని, "వదలదండీ," అన్నాడు హంసవేణి వైపు చూడకుండా. "అలా వదలకూడదనే కదా చేశాను."

కదిరప్ప రెండు చేతులూ పంచెకు తుడుచుకుంటూ, తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆడవాళ్ళ గుంపులో ఒక పక్కగా ఉన్న కోమలి ఆవును చూస్తోంది. అతను ఆమె దాకా నడిచాడు. నాలుగు ఊళ్ళ జనం చూస్తుండగా మామ కోడలి ముందు చేతులు జోడించాడు. కోమలి గబుక్కున ఆ చేతులు కిందికి దించేసింది.

"నువ్వు ఎత్తుకుంటే మాత్రం బిడ్డ ఏడవలేదా మామా?" అంది. "ఏం చేసినావని నిన్ను ఎవురూ అడగల్యా, అంతే."

*

ఆ రోజు చాలామంది రైతులు తీసుకున్న డబ్బాలను కళ్ళంలోనే వదిలేసి వెళ్ళారు. కొందరు మాత్రం సంచుల్లో పెట్టుకునే పోయారు. చేతికి తొడుగులు వేసుకుంటే సరిపోతుంది కదా అన్నారు. పురుగు తోటంతా తినేసినప్పుడు పడే బాధ హంసవేణికి తెలుసు కాబట్టి వాళ్ళను తిట్టలేకపోయింది. కంపెనీ నూనె తయారీ ఆపేశామని చెప్పింది. ఆమె ఆ మాటను పూర్తిగా నమ్మలేదు. ఏ ఊరి సంతకు వెళ్ళినా టమాటను ముక్కు దగ్గర పెట్టుకుని చూడడం అలవాటైపోయింది. వాసన వస్తే బుట్టలో వేసుకుంటుంది. రానప్పుడు అమ్మేవాళ్ళను, ఇది ఏ ఊరి కాయని అడుగుతుంది. వాళ్ళు ఆమెను ఎగాదిగా చూస్తారు.

బదరీనాథ్, ఆమె ఇప్పుడు ఒకే బల్ల దగ్గర పనిచేస్తున్నారు. ఆ బుట్ట మూత తెరిచే పదార్థం కోసం వెతుకుతున్నారు. ఆకు మీద తెరవగలిగారు. చర్మం మీద ఇంకా కాలేదు. కదిరప్ప మళ్ళీ పాత వేపనూనె, కానుగ నూనెలకే వచ్చాడు. వారం వారం కొడతాడు, విసుక్కుంటాడు, కాయల్లో కొన్ని పురుగుకు పోతాయి. దూడకు సీసాతో పాలు పట్టేది అతనే.

ఆ శీతాకాలం ఒక ఆదివారం హంసవేణి చెల్లెలి ఇంటికి వెళ్ళింది. వీధిలో ఉండగానే కోమలి గొంతు వినబడింది. బొంగురుపోయి, పాఠం చెప్పి చెప్పి అలిసిన టీచరు గొంతులా ఉంది. లోపల ఇంకెవరితోనో మాట్లాడుతోందేమో అనుకుంది. గుమ్మంలో నిలబడి చూస్తే వంటింట్లో కోమలి ఒక్కతే కూరకు చిక్కుళ్ళు గిల్లుతోంది. నడవలో పాప రెడ్డెమ్మ పక్కన పాకుతోంది.

"ఇదో చిక్కుళ్ళు గిల్లుతాండా. ఈ పీచు చూడు ఎంత పొడుగుందో. ఇప్పుడు నీళ్ళు పోస్తా. వినపడిందా చప్పుడు? అమ్మే పోసింది. ఇంగ చేతులు తుడుచుకోని వస్తాండా..."

రెడ్డెమ్మ హంసవేణికి పీట జరిపింది. "నిద్ర లేచినకాడి నుంచి ఇదే మాట్లాడ్డం," అంది మెల్లగా. "గొంతు పోయినా ఆపదు. నేనే మిరియాల పాలు కాచి ఇస్తాండా."

కోమలి మాట్లాడుతూనే వచ్చి పాపను ఎత్తుకుంది. పాప నవ్వుతూ మెడ మీద వాలింది. ముక్కు ఎగబీల్చింది. చిన్న వీపు బిగుసుకుంది, పిడికిళ్ళు ముడుచుకున్నాయి. పాప తల వెనక్కి తీసి తల్లి ముఖాన్ని చూసింది. ఆ చూపును హంసవేణి భరించలేక కళ్ళు దించుకుంది.

"నేనే బంగారూ," అంది కోమలి, మామూలుగా, తొందరేమీ లేనట్టు. "అమ్మనే. చిక్కుళ్ళు గిల్లినానే, నీళ్ళు పోసినానే, ఆ అమ్మనే. విను. ఊరికే విను."

పాప వింటోంది. తల్లి గొంతు మీద అరచెయ్యి ఆనించి, మాట ఎక్కడి నుంచి వస్తోందో తడిమి చూసుకుంటోంది. కోమలి మాట ఆపలేదు. చాలాసేపటికి పిడికిళ్ళు వదులయ్యాయి.